పొగబెట్టిన చేప కొంటున్నారా? బజార్లో చూడాల్సినవి, ఇంట్లో చేయాల్సినవి

పొగబెట్టిన చేప అంటే చాలామందికి ఒక ధీమా. ఉప్పు పట్టింది, సెగ తగిలింది, పొగ పీల్చుకుంది, ఇంక అందులో ఏ క్రిమి బతుకుతుందిలే అనుకుంటారు. అందులో సగం నిజమే. సరిగ్గా వేడి తగిలిన చేప పొయ్యి మీద నుంచి దిగేటప్పటికి దాదాపు శుభ్రంగానే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. చల్లారబెట్టిన చాప, బుట్టలో సర్దిన చెయ్యి, అంతకుముందే పచ్చి చేపను కోసిన కత్తి, మూత లేని తట్ట, రోజంతా వేడిలో ఉన్న బల్ల, వీటిలో ఏదో ఒకచోట బ్యాక్టీరియా మళ్లీ అంటుకుంటుంది. అందుకే కొనేటప్పుడు పొగ బాగా పట్టిందా లేదా అన్నదాని కంటే, పొయ్యి దిగాక దాన్ని ఎలా ఉంచారన్నది ఎక్కువగా పట్టించుకోవాలి.

ఏ రకం చేపో ముందు తేల్చుకోండి

ఒకే పేరుతో అమ్మేవి నిజానికి మూడు రకాలు. ఏది కొంటున్నారో తెలియకపోతే తర్వాత ఎంత జాగ్రత్తపడినా గురి తప్పుతుంది.

మొదటిది వేడి పొగలో ఉడికినది. చేప లోపలి మాంసం కనీసం 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, అరగంట పాటు ఆ వేడిలోనే ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. అలా ఉడికితే మాంసం తెల్లబడి పొరలు పొరలుగా విడిపోతుంది. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఆ వేడికి చచ్చిపోతాయి. క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు, అంటే గట్టి పొరలో నిద్రపోతున్నట్టుండే దాని రూపం, మాత్రం బతికిపోవచ్చు. వాటి సంగతి కింద చెబుతాను.

రెండోది చల్లని పొగ పట్టినది. ఇక్కడ వేడి సుమారు 30 డిగ్రీలు దాటదు. పల్చటి ముక్కలుగా కోసి ప్యాకెట్లలో అమ్మే స్మోక్డ్ సాల్మన్ ఎక్కువగా ఈ రకమే. పొగ రుచి ఉన్నా మాంసం పచ్చిదే. చేపలో ముందే ఉన్న బ్యాక్టీరియాను చంపే దశ ఇందులో లేదు. ఉప్పు, పొగ కలిసి వాటిని కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే.

మూడోది చెక్కలా గట్టిపడేదాకా పొగలో ఎండినది. దీన్ని కాపాడేది పొగ కంటే కూడా నీళ్లు లేకపోవడం. బ్యాక్టీరియా వాడుకోగల నీరు ఆహారంలో ఎంత ఉందో చెప్పే కొలతను వాటర్ యాక్టివిటీ అంటారు. మంచినీళ్లకు అది 1. అది 0.85 కంటే తగ్గితే, రోగాలు తెచ్చే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేయడం దాదాపు ఆగిపోతుంది. బూజు మాత్రం అంతకంటే పొడిగా ఉన్నచోట కూడా పెరగగలదు.

తేడా తెలుసుకోవడానికి చేపను కొంచెం వంచి చూడండి. వంగకుండా టక్కున విరిగితే, తేలిగ్గా ఉంటే ఎండినది. మెత్తగా నొక్కుకుపోతే, వేలికి తేమ తగిలితే, అది ఫ్రిజ్‌లో ఉండాల్సిన సరుకు. రంగు ఎంత ముదురుగా ఉన్నా సరే, ఎన్ని గంటలు పొగ పెట్టామని చెప్పినా సరే. ఈ ఒక్క తేడా గట్టిగా గుర్తుంటే సగం ప్రమాదం తప్పినట్టే.

చేపను చూసే ముందు బల్లను చూడండి

అమ్మే చోటుకు వెళ్లగానే చేప మీద వాలిపోకండి. రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. అమ్మే మనిషి డబ్బులు తీసుకున్న చేత్తోనే చేప ఎత్తిస్తున్నారా? పచ్చి చేప, పొగబెట్టిన చేప పక్కపక్కనే పెట్టారా? రెండింటికీ ఒకటే కత్తి, ఒకటే చెక్క, ఒకటే తక్కెడా? తుడవడానికి వాడే గుడ్డ రోజంతా అదేనా? ఈ ప్రశ్నలేవీ అవతలివాళ్లను అడగనక్కర్లేదు, కళ్లతోనే జవాబు దొరుకుతుంది.

చెయ్యి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న మనుషుల ముక్కులోనూ చర్మం మీదా ఉంటుంది. చేతి మీద పుండో, చీము పట్టిన గాయమో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పచ్చి చేప మీద పడితే దీని ఆటలు పెద్దగా సాగవు, అక్కడ ముందే ఉన్న రకరకాల బ్యాక్టీరియా దీన్ని తొక్కేస్తాయి. పొగబెట్టిన చేప మీద ఆ పోటీ ఉండదు, వేడికి అవన్నీ పోయాయి కదా. పైగా మిగతావాటిని ఆపే ఉప్పు దీనికి పెద్ద అడ్డు కాదు. చేప కాస్త తేమగా ఉండి, గంటల తరబడి వేడి గాలిలో ఉందంటే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వండినా పోదు. అందుకే పట్టకారుతోనో, శుభ్రమైన కాగితంతోనో చేపను ఎత్తి ఇచ్చేవాళ్ల దగ్గర కొనడం వట్టి చాదస్తం కాదు.

పెట్టె, పళ్లెం కూడా చూడండి. 2012లో నెదర్లాండ్స్‌లో పొగబెట్టిన సాల్మన్ తిని వెయ్యిమందికి పైగా సాల్మొనెల్లా బారిన పడ్డారు. దర్యాప్తులో అనుమానం చేపను పెట్టి తిప్పిన పళ్లేల మీదకు వెళ్లింది. వాటికి సన్నటి రంధ్రాలుండి, కడిగినా లోపల మురికి నిలిచిపోయింది. అన్ని ఏర్పాట్లూ ఉన్న ఫ్యాక్టరీలోనే అలా జరిగితే, నెర్రెలు విచ్చిన చెక్క బల్ల, పాత వెదురు బుట్ట, మురికి గోనె సంచి సంగతి ఊహించుకోవచ్చు. స్టీలు, గాజు, గీతలు పడని ప్లాస్టిక్ మేలు.

చేపల మీద మూత గానీ వల గానీ ఉందా? తేమగా ఉన్న చేప ఐస్ మీదో చల్లటి పెట్టెలోనో ఉందా? లేకపోతే ఎప్పుడు బయట పెట్టారో అడగండి. తేమ ఉన్న ఆహారం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. మామూలు వాతావరణంలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంట, అంతకు మించి బయట ఉన్నది వద్దనుకోవాలి. సాయంత్రం మిగిలిపోయిన సరుకును ధర తగ్గించి అమ్ముతుంటే ఆ తగ్గింపు ఎందుకో ఆలోచించండి.

ఇంకో సంగతి. చుట్టూ ఈగలు ముసురుతున్నా ఒక్క చేపల గుట్ట మీద మాత్రం వాలకపోతే సంతోషించకండి. ఈగలు, పురుగులు రాకుండా ఎండు చేపల మీద పురుగుమందు చల్లే పాడు అలవాటు కొన్నిచోట్ల ఉంది. మందు వాసన ఏ కాస్త తగిలినా వదిలేయండి. కడిగితే పోతుందన్న భరోసా లేదు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

పై రంగును నమ్మొద్దు. ముదురు గోధుమ రంగు రంగు నీళ్లతోనూ వస్తుంది, పైన మాత్రమే మాడినా వస్తుంది. చూడాల్సింది లోపల. వీలైతే ఒక చేపను వెన్నుముల్లు దగ్గర విరిచి చూపించమనండి. వేడి పొగలో ఉడికిందని చెప్పిన చేపలో ముల్లు పక్కన మాంసం ఇంకా గాజులా మెరుస్తున్నా, ఎర్రటి నెత్తురు చార కనిపించినా అది ఉడకలేదు. పెద్ద చేపల్లో, లావు ముక్కల్లో ఇది ఎక్కువ. పైన కరకరలాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

తర్వాత పొట్ట. పేగులు తీయకుండా పొగ పెట్టిన పెద్ద చేపను కొనకండి. బొటులినమ్ బీజాలు నీటి అడుగు బురదలో ఉంటాయి, అక్కడి నుంచి చేప పేగుల్లోకి చేరతాయి. పొట్ట లోపల ఉప్పు సరిగా పట్టదు, వేడి సరిగా తగలదు. మొప్పలు కూడా తీసి ఉంటే ఇంకా మంచిది.

చర్మం మీద జిగురు, మొప్పల దగ్గర బూజు, మడతల్లో తెల్లటి పురుగులు, ఎండు చేపలో పొడి రాలే చిన్న రంధ్రాలు, వీటిలో ఏది కనిపించినా బేరం ఆపేయండి. పైన తెల్లగా ఉన్నదల్లా బూజు కాదు, ఒక్కోసారి ఉప్పు పేరుకుంటుంది. ఉప్పైతే పలుకుల్లా ఉండి వేలితో రుద్దితే నలుగుతుంది. బూజు దూదిలా ఉంటుంది, కొన్నిసార్లు పచ్చగానో నల్లగానో కనిపిస్తుంది. బూజును తుడిచేసి నూనె రాసి మళ్లీ మెరిపించేవాళ్లూ ఉన్నారు. అందుకే అతిగా నిగనిగలాడే చేపను కూడా ఒకసారి వాసన చూడండి.

వాసనతో ఎంత తెలుస్తుందో కూడా చెప్పుకోవాలి. పుల్లటి కంపు, అమ్మోనియా ఘాటు వస్తే అది పాడైందని ఖాయం. రాకపోతే బాగుందని మాత్రం కాదు. పొగ వాసన చాలా కంపుల్ని కప్పేస్తుంది. పైగా లిస్టీరియా, చేపల్లో కనిపించే ‘టైప్ E’ బొటులినమ్ పెరిగినా చేప వాసన, రుచి మారకపోవచ్చు. ముక్కు ఓకే అన్నంత మాత్రాన బల్ల దగ్గర చూసినవి మర్చిపోకండి.

గాలి తీసిన ప్యాకెట్‌కు వేరే లెక్క

గాలి తీసేసి సీల్ చేసిన ప్యాకెట్ చూడగానే బయటి చేప కంటే ఇదే భద్రం అనిపిస్తుంది. చేతులు, ఈగలు, దుమ్ము తగలవు నిజమే. కానీ బొటులినమ్‌కు గాలి పడదు, గాలి లేని చోటే దానికి ఇల్లు. ‘టైప్ E’ అయితే 3.3 డిగ్రీల చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరగగలదు. అంటే చాలా ఇళ్ల ఫ్రిజ్‌లలో ఉండే చల్లదనం దాన్ని పూర్తిగా ఆపదు. 1963లో అమెరికాలో గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చేపలను పొగబెట్టి అమ్మినప్పుడు ‘టైప్ E’ విషం వల్ల బొటులిజం అనే జబ్బు వచ్చి కొందరు చనిపోయారు. ప్యాకెట్ చేపల నిబంధనలు గట్టిపడటానికి అదొక కారణం.

అందుకే అమెరికా నిబంధనల్లో ఇలాంటి ప్యాకెట్లకు ఉప్పు కొలత కూడా ఉంటుంది. చేపలోని నీటిలో ఉప్పు కనీసం 3.5 శాతం ఉండాలి. ఇంట్లో దాన్ని కొలవలేం కాబట్టి మీరు చేయగలిగినవి ఇవి. ప్యాకెట్ మీద తయారీదారు వివరాలు, గడువు తేదీ, ఎంత చల్లదనంలో ఉంచాలన్నది రాసి ఉందా చూడండి. ఏ పేరూ లేని ప్యాకెట్, ముఖ్యంగా బజార్లో అప్పటికప్పుడు మిషన్‌తో గాలి తీసి సీల్ చేసి ఇచ్చేది, వద్దే వద్దు. నా లెక్కలో అది విడిగా బల్ల మీద ఉన్న చేప కంటే ప్రమాదం. ఫ్రిజ్ బయట పెట్టి అమ్ముతున్న తడి చేప ప్యాకెట్, ఉబ్బిన ప్యాకెట్, సీల్ ఊడినది కూడా అంతే.

గడ్డకట్టిన ప్యాకెట్ కొంటే ఐస్ కరిగించే ముందు కవర్‌ను కత్తిరించి గాలి తగిలేలా చేయండి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టు మీద పెట్టి కరిగించొద్దు.

ఇంటికి తెచ్చేటప్పుడు

మిగతా పనులన్నీ అయ్యాక చివర్లో కొనండి. పాత పేపర్లో చుట్టి ఇస్తుంటే వద్దని, మీరు తెచ్చుకున్న మూత డబ్బాలో వేయమనండి. పచ్చి చేప, మాంసం ఉన్న సంచిలో కలపొద్దు. దారి గంట దాటితే ఐస్ బ్యాగ్ పట్టుకెళ్లండి.

దాచడం

తేమ ఉన్న చేపను ఇంటికి రాగానే మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లోపు ఉంచండి. ఫ్రిజ్ మీద ఉండే అంకెల మీటను నమ్మే బదులు లోపల చిన్న థర్మామీటర్ పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తలుపు అరల్లో చల్లదనం తక్కువ, లోపలి అరలో పెట్టండి. పచ్చి చేప, మాంసం నుంచి కారే నీళ్లు పడకుండా వాటికి పై అరలో ఉండాలి. విడిగా కొన్నదైతే ఒకటి రెండు రోజుల్లో వండేయండి. కంపెనీ ప్యాకెట్ అయితే దాని మీది తేదీ చూడండి, ఒకసారి విప్పాక ఆ తేదీతో పనిలేదు, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

ఫ్రిజ్‌లో ఉందిగా అని రోజులు గడపొద్దని చెప్పడానికి కారణం లిస్టీరియా. మిగతావి చలికి ముడుచుకుని కూర్చుంటే ఇది సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పునూ బాగా తట్టుకుంటుంది. మొదటి రోజు లెక్కలోకి రానంత ఉన్నది, పదో రోజుకి ప్రమాదకరంగా తయారుకావచ్చు. ఐరోపా నిబంధనల్లో అమ్మకంలో ఉన్న తినడానికి సిద్ధమైన ఆహారంలో, గడువు తీరే వరకు, గ్రాముకు 100 మించకూడదని దీనికే ప్రత్యేకంగా పరిమితి పెట్టారు. ఎక్కువ రోజులు ఉంచాలంటే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ లిస్టీరియా చావదు గానీ పెరగదు. కరిగాక మళ్లీ లెక్క మొదలు.

గట్టిగా ఎండిన చేపకు శత్రువు తేమ. గాలి చొరబడని డబ్బాలో, పొడి చోట ఉంచండి. ముసురు రోజుల్లో వారానికోసారి మూత తీసి చూడండి. మెత్తబడినట్టుంటే ఇంకా వాసన రాకముందే మంచి ఎండలోనో సన్నటి సెగ మీదో ఆరబెట్టాలి. బూజు కనిపిస్తే ఆ చేప మొత్తం పారేయాలి. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు వదులుతాయి, గీకేసినా వండినా అవి పోవు. తడి గుడ్డతో తుడిచి, కడిగి దాచడం మంచిదనుకునేవాళ్లున్నారు. అది చేజేతులా తేమ ఎక్కించడమే. కడగడం వండే ముందు మాత్రమే.

వండేటప్పుడు

బజార్లో విడిగా కొన్న ఏ పొగ చేపనైనా వండకుండా తినొద్దు. ఉడికిందని చెప్పినా సరే, పొయ్యి దిగాక ఏం అంటుకుందో మనకు తెలియదు కదా. ముక్క లోపల 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే లావు ముక్క మధ్యలో కూడా పొగలు కక్కేంత వేడి ఉండాలి. కూర దించే ముందు పైన చల్లుకునే పద్ధతి అలంకారానికి బాగుంటుంది గానీ బ్యాక్టీరియాకు ఏమీ కాదు. ముందే వేసి ఉడకనివ్వండి. 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలుంటే లిస్టీరియా చస్తుంది. 85 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలకు పైగా ఉడికితే బొటులినమ్ విషం కూడా విరిగిపోతుంది. అలాగని అనుమానం ఉన్న ప్యాకెట్‌ను మరిగించి గట్టెక్కుదామనుకోవద్దు.

ఎండు చేప నానబెట్టాలంటే వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి వెంటనే వండండి. రాత్రంతా నానాలంటే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. నానిన చేప ఇంక ఎండు చేప కాదు, పచ్చి చేపకు చేసే మర్యాదలన్నీ దానికీ చేయాలి.

బూజు విషాలు కాక, వండితే పోనివి ఇంకో రెండున్నాయి. ఒకటి ముందు చెప్పిన స్టెఫిలోకాకస్ విషం. రెండోది హిస్టమిన్ అనే పదార్థం. ట్యూనా, కానాగంతలు, కవళ్లు లాంటి చేపలను పట్టగానే ఐస్‌లో పెట్టకపోతే వాటి మాంసంలో బ్యాక్టీరియా హిస్టమిన్‌ను తయారుచేస్తుంది. ఆ తర్వాత పొగ పెట్టినా, గడ్డకట్టించినా, వేయించినా అది అలాగే ఉంటుంది. అది ఉందని చూపుతో తెలియదు. కొన్నిసార్లు నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. అలా అనిపిస్తే ఊసేసి, గిన్నె పక్కన పెట్టేయండి.

ఎవరు దూరంగా ఉండాలి

గర్భిణులు, 65 ఏళ్లు దాటినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు చల్లని పొగ చేపను గానీ, ఫ్రిజ్‌లో అమ్మే పొగ చేపను గానీ వండకుండా తినకూడదు. గర్భిణికి లిస్టీరియా మామూలు జ్వరంలా వచ్చి పోవచ్చు, కడుపులో బిడ్డకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. ఇక్కడ కాస్త రుచి చూస్తే ఏమవుతుందిలే అన్న మాటకు చోటివ్వొద్దు. బాగా ఉడికించి వేడివేడిగా తింటే లిస్టీరియా భయం ఉండదు. సీల్ చేసిన డబ్బాలో, ఫ్రిజ్ అవసరం లేకుండా నిలవుండేలా తయారైన పొగ చేపకు కూడా ఆ భయం లేదు.

తిన్నాక తేడా చేస్తే

ఎంతసేపటికి మొదలైందన్నది మంచి ఆనవాలు. నిమిషాల్లో, లేదా గంటా రెండు గంటల్లో ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, గుండె దడ వస్తే హిస్టమిన్ అయ్యుండొచ్చు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అరగంట నుంచి ఎనిమిది గంటల్లో ఒక్కసారిగా వాంతులు పట్టుకుంటే స్టెఫిలోకాకస్‌ను అనుమానించాలి, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. ఆరు గంటల నుంచి ఆరు రోజుల మధ్య జ్వరం, విరేచనాలు వస్తే సాల్మొనెల్లా కావచ్చు. నీళ్లు, ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. లిస్టీరియా లక్షణాలు వారాల తర్వాత రావచ్చు, 70 రోజుల వరకు కూడా పట్టొచ్చు. అందుకే గర్భిణికి కారణం తెలియని జ్వరం వస్తే, నెల కిందట తిన్న చేప సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి.

బొటులిజం వేరు. ఎక్కువగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, నోరు ఎండిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కండరాల నీరసం మెడ నుంచి కిందికి దిగడం దీని గుర్తులు. సాధారణంగా జ్వరం రాదు. తెల్లారేదాకా చూద్దామనకుండా అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. విరుగుడు మందు ఉంది, కానీ అది అప్పటికే పట్టిన నీరసాన్ని తగ్గించదు, ముదరకుండా ఆపుతుంది. ఎంత త్వరగా పడితే అంత మేలు.

ఆస్పత్రికి బయలుదేరే ముందు మిగిలిన చేపను, దాని ప్యాకెట్‌ను ఒక కవర్లో కట్టి, తినొద్దని రాసి ఫ్రిజ్‌లో వేరుగా పెట్టండి. పరీక్షకు అడిగితే అదే ఆధారం, అదే సరుకు ఇంకెవరెవరు కొన్నారో ఆరోగ్యశాఖ వాళ్లు వెతకడానికీ పనికొస్తుంది. పారేయాల్సి వస్తే రెండు కవర్లలో గట్టిగా మూటకట్టి వేయండి, లేకపోతే కుక్కలు, పిల్లులు తింటాయి.